నాన్నకు అండ, అర్జునన్న జెండా

మా వార్డు చరిత్రలోనే ఇది ఫస్ట్ టైమ్ ఫ్రెండ్స్! మా కార్పొరేటర్ అర్జునరావు గారు గాజువాక జంక్షన్‌లో మైకు పట్టుకుని ప్రకటించేశారు: "ఇకమీదట నా వార్డులో ఏ నాన్న మీద అబద్ధపు నింద పడినా, స్వయంగా నేనే ఖండిస్తాను!" స్కీము పేరు 'నాన్నకు అండ, అర్జునన్న జెండా'. పేరు నేనే పెట్టాను. వార్డు సోషల్ మీడియా ఇన్‌ఛార్జిని కదా!

ఇక నింద పడ్డ నాన్నొకడు దొరకాలి. దొరికాడు. ఆటోనగర్‌లో వెల్డింగ్ షాపు బెన్సన్ బావ.

బావా, ఆయన భార్య రాణక్కా విడిపోయారు. పాప స్టెఫీ ఎవరి దగ్గర ఉండాలో కోర్టులో నడుస్తోంది. "ఈయనకి పాపంటే పట్టదు, ఆదివారం చూసుకోమని కోర్టు టైమిచ్చినా రాడు" అని రాణక్క పిటిషన్‌లో రాయించేసింది. పచ్చి అబద్ధం! బావ ప్రతి ఆదివారం సాయంత్రం బీచ్‌రోడ్డు పార్కుకి వెళ్తాడు. వెల్డింగ్‌కి కాలిన ఆ వేళ్లతోనే పాపకి రెండు జడలేసి, మొక్కజొన్న పొత్తు తినిపించి పంపిస్తాడు. లాయరమ్మ ఒకటే చెప్పారట: "ఏం మాట్లాడకు, ఆదివారాలు మాత్రం మానకు. ఒక్కటి మానేసినా జడ్జి గారు ఆవిడ మాటే నిజమనుకుంటారు. పాప నీకు రాదు."

ఎంత చప్పటి సలహానో చూడండి! ఫ్లెక్సీ లేదు, ర్యాలీ లేదు.

సార్ రంగంలోకి దిగారు. తెల్లారేసరికి జంక్షన్ నిండా ఫ్లెక్సీలు. "బెన్సన్ కూతుర్ని పట్టించుకోడు, చూడ్డానికి రాడు" అని ఆరడుగుల అక్షరాలు. "అనేది అబద్ధం" అని కింద మూలన చిన్నగా. మిగతా చోటు సార్ ఫొటోకి కావాలి కదా.

బావ పరిగెత్తుకొచ్చాడు. "సార్, నిన్నటిదాకా ఈ సంగతి నాకూ, కోర్టుకీ మాత్రమే తెలుసు! ఇప్పుడు టీకొట్టు అప్పాయమ్మ కూడా 'ఏట్రా, పిల్లని సూడవా' అని కడిగేత్తంది!"

"సూశావా, పబ్లిసిటీ అంటే అదీ! ఆదివారం సాయంత్రం నీకు సన్మానం. 'ఉత్తమ నాన్న' బిరుదు."

"ఆదివారం నాను పాప దగ్గరికెళ్లాలి సార్."

"పాప ఎక్కడికి పోద్దయ్యా? జనం ఆదివారమే దొరుకుతారు."

"నాను ఎళ్లకపోతే ఆవిడ మాటే నిజమైపోద్ది సార్!"

"ఆ మాట అబద్ధమని చెప్పడానికేగా మీటింగు!"

ఈ లాజిక్‌కి నాకైతే ఒళ్లు పులకరించిపోయింది ఫ్రెండ్స్.

ఆదివారం కల్యాణమండపం ఫుల్. బిర్యానీ మూత తీసేది సన్మానం అయ్యాకే అని ముందే చెప్పాం మరి. బావని సార్ కారులోనే ఎక్కించి తెచ్చి, స్టేజీ మీద ఇద్దరు కార్యకర్తల మధ్య కూర్చోబెట్టాం. మెడలో వేసిన గజమాలకి ముఖం కనిపించడం లేదు.

"తండ్రి ప్రేమ అంటే ఏటి?" అని సార్ జనాన్ని గంభీరంగా అడిగి, కొత్త డ్రైనేజీ గురించి చెప్పడం మొదలుపెట్టారు.

బావ ఫోను మోగింది. ఎత్తగానే పక్కనున్న మైకు పట్టేసింది. హాలంతా స్టెఫీ గొంతే.

"నాన్నా, జడలు ఇప్పేసుకుని కూర్చున్నాను. ఎక్కడున్నావ్?"

బావ మెళ్లో దండ తీసి కుర్చీకి వేసేశాడు. స్టేజీ వెనక నుంచి దూకి నా దగ్గరికొచ్చి, "బామ్మర్దీ, బండి తాళం!" అన్నాడు. పార్టీ లైను ఏమిటో కనుక్కునేలోపే నా చెయ్యి ఇచ్చేసింది.

సార్ డ్రైనేజీ పూర్తిచేసి, వీధిదీపాల దగ్గరికి వచ్చేసరికి నా ఫోన్‌లో బావ నంబరు నుంచి స్టెఫీ తీసిన సెల్ఫీ పడింది. పార్కు బెంచీ. పాపకి ఒక జడ అయిపోయింది, రెండోది బావ చేతిలో ఉంది. మూలన రాణక్క అటు తిరిగి నిలబడి, పాప రిబ్బను మాత్రం పట్టుకుని ఉంది.

ఇక్కడ సార్ శాలువా తీసుకుని వెనక్కి తిరిగారు. కుర్చీలో దండ ఒక్కటే ఉంది. వేరే నాయకులైతే కంగారుపడేవాళ్లు. సార్ అలా కాదు. ప్రోగ్రాం ఆగకూడదని శాలువా తనకే కప్పుకున్నారు. ఉత్తమ నాన్న అర్జునరావు గారు! బిర్యానీ మూత లేచింది, చప్పట్లే చప్పట్లు!

ఒక స్కూలు పాప స్టేజీ ఎక్కి బొకే ఇచ్చింది. సార్ మురిసిపోయి తల నిమిరారు.

"సురుగ్గా ఉందే! ఎవరి తాలూకా పాప?"

నేను చెవిలో చెప్పాను. "మీ పాపే సార్. ఆశ."

సార్ కాసేపు పరీక్షగా చూశారు.

"అదీ! ఎక్కడో సూసినట్టుందే అనుకుంటన్నాను" అని, కెమెరా వైపు తిరిగి నవ్వారు.