పుస్తకాల గదికి మూడు షిఫ్టులు

ఆ ఆదివారం పొద్దున సుబ్బరాయప్ప తలపెట్టిన పని చాలా చిన్నది. వాకిలి పక్క గదిలో నాలుగు చెక్కలు కొట్టించి, భార్య గౌరమ్మ పుస్తకాలు వాటి మీద పేర్చి, మధ్యన పడక కుర్చీ వేసుకోవాలి. మధ్యాహ్నానికి పని ముగుస్తుంది. సాయంత్రం తలుపు వేసుకుని కూర్చోవచ్చు.

ఆ తలుపే ఆయనకు ముఖ్యం. గౌరమ్మ పోయి నాలుగు నెలలు. బంగారు గనుల పక్కనున్న ఆండర్సన్‌పేటలో ఆ వీధి మనుషులు మంచివాళ్లు; చిక్కంతా అదే. ఆయన బట్టల కొట్టు మూసి ఇల్లు చేరగానే ఎవరో ఒకరు సంగటితోనో చారుతోనో వచ్చి, వరండాలో కూర్చుని ఓదార్చేవారు. ఎదురింటి చిన్నక్క ముందు తాను ఏడ్చి, తర్వాత ఆయనను ఏడిపించి, గిన్నె తీసుకుని వెళ్లేది. తనతో ఎవరూ మాట్లాడని గది ఒక్కటి ఉంటే చాలుననుకున్నాడు సుబ్బరాయప్ప. గౌరమ్మ వారపత్రికల సీరియళ్లు చించి కుట్టి, కొట్లో మిగిలిన జాకెట్టు ముక్కలతో అట్టలు వేసుకున్న పుస్తకాలు రెండు ట్రంకుపెట్టెల నిండా ఉన్నాయి. ఆయన వాటిలో ఒక్కటీ చదవలేదు.

వడ్రంగి పెళ్లికని బంగారుపేట వెళ్లాడు. పక్కింటి ఓబలప్పను పిలవవలసి వచ్చింది. ఓబలప్ప గనిలో పైకప్పు కూలకుండా గుంజలు నిలబెట్టే పనిలో తల నెరిసి రిటైరైన మనిషి. నాలుగు చెక్కలు అతనికొక లెక్కా అనుకున్నాడు సుబ్బరాయప్ప.

ఓబలప్ప చెక్కల వంక చూడనే లేదు. ఇంటికి పోయి ఇనుప కడ్డీ తెచ్చి, గనిలో బండను పరీక్షించినట్టు మిద్దె కప్పును ఠంగున కొట్టి, చెవి ఒగ్గి విన్నాడు. మళ్లీ కొట్టాడు. చాటెడు గార ఊడి కుర్చీలో పడింది.

"చూస్తివా? అంతా డొల్ల. నువ్వు కూచోనుంటే ఏమయ్యుండు?"

"నువ్వు కొట్టకపోతే పడేది కాదు కదప్పా."

"లోపల బండ పేలితే ఊరంతా అదురుతాది. అది నిన్ను అడిగి అదురుతాదా?"

గని లోతుల్లో బండ పేలినప్పుడల్లా వీధిలో గిన్నెలు గలగలమనడం అందరూ ఎరిగినదే. సుబ్బరాయప్ప ఒక గుంజకు ఒప్పుకున్నాడు.

ఒంటి గుంజ నిలవదని దానికి జత వచ్చింది. జతకొక అడ్డదూలం, దూలానికి మళ్లీ గుంజలు. ఓబలప్ప వెంట పనిచేసిన పాపన్న, మునిశామప్ప నీలగిరి చెట్ల దుంగలు మోసుకొచ్చారు. రిటైరైనాక వాళ్లను ఎవరూ ఏ పనికీ పిలవలేదు. ఆ సంతోషంలో అడిగినదానికి రెండింతలు తెచ్చారు. వారం తిరిగేసరికి గది చిన్న తోపులా తయారైంది. కుర్చీ ఉండవలసిన చోట అన్నిటికంటే లావుపాటి గుంజ నిలిచింది. కుర్చీ వరండాలోకి వచ్చింది. పుస్తకాలకు మాత్రం గుంజల నడుమ చక్కని అరలు కుదిరాయి.

అంతటితో ఆగలేదు. గుంజలున్న చోటికి బోడితలతో పోకూడదని ముగ్గురూ తమ ఇళ్లలో మూలపడిన గని టోపీలు ఆరు తెచ్చారు. లోపల ఎవరున్నారో బయట తెలియాలి కనుక, గది గుమ్మం పక్కన మేకులకు టోపీకొకటి చొప్పున ఇత్తడి బిళ్లలు వేలాడాయి. బిళ్ల తీసుకోనిదే ఎవరూ దిగకూడదు. గది నేలమట్టంగానే ఉన్నా, అందరూ దిగడమనే అన్నారు.

చూసిపోదామని వచ్చిన చిన్నక్క చేతిలో చారు గిన్నె అందుకుని, ఓబలప్ప ఆమె కొప్పు మీద టోపీ పెట్టాడు.

"దిగినోళ్లు ఊరికే కూచోకూడదమ్మా. పని చెయ్యల్ల."

"ఈడ ఏం పనుండాదప్పా?"

ఆయన ఒక పుస్తకం ఆమె చేతిలో పెట్టాడు. మాట్లాడకూడదనీ చెప్పాడు; గుంజ విరిగేముందు మూలుగుతుందట, అది వినపడాలట. మాట్లాడే వీలు లేక, ఏడిస్తే కూడా చప్పుడవుతుందని చెప్పగా, చిన్నక్క కూడబలుక్కుంటూ చదవడం మొదలుపెట్టింది. గనిలో షిఫ్టు మారే సైరన్ మోగి ఓబలప్ప బయటికి పంపేస్తే, కథ మంచి చోట ఆగిపోయిందని గొణుక్కుంటూ పోయింది. మర్నాడు గిన్నె లేకుండా వచ్చింది. ఆమె వెనక వీధంతా వచ్చింది. ఓబలప్ప వాళ్లను గని సైరన్ ప్రకారం మూడు షిఫ్టులకు పంచాడు.

ఒక సాయంత్రం సుబ్బరాయప్ప ఇల్లు చేరేసరికి వరండాలో ఎవరూ లేరు. పడక కుర్చీలో కూర్చున్నాడు. తిన్నావా అని అడిగినవారు లేరు. ఆయన కోరిన నిశ్శబ్దం ఇల్లంతా నిండి ఉంది. కాసేపు దాన్ని అనుభవించాడు. మరికాసేపు ఓర్చుకున్నాడు. అంతలో లోపల చిన్నక్క కిసుక్కున నవ్వింది. పాపన్న కూడా నవ్వాడు. గౌరమ్మ కుట్టిన ఏ కాగితంలో ఏముందో వాళ్లకు తెలుసు, ఆయనకు తెలియదు.

సుబ్బరాయప్ప లేచి గది గుమ్మం దగ్గరికి పోయాడు. మేకులన్నీ ఖాళీగా ఉన్నాయి.

"ఆరు మందీ దిగినారు. ఇంగ టోపీ లేదు," అన్నాడు గుమ్మం లోపల కాపలా కూర్చున్న ఓబలప్ప.

సుబ్బరాయప్ప వంటింట్లోకి పోయి, సత్తు తపేలా ఒకటి నెత్తిన బోర్లించుకుని వచ్చాడు. ఓబలప్ప దాని చుట్టూ తిరిగి చూసి, చెల్లదన్నాడు.

"ఇల్లు నాది కదప్పా."

"నీదే. ఎవరు కాదన్నారు? గనులు సర్కారువే. అట్లని సర్కారు బిళ్ల లేకుండా దిగుతాదా?"

వచ్చే షిఫ్టులో ఒక చోటు ఉండవచ్చునని, వరస తప్పితే తాను చెయ్యగలిగింది లేదని కూడా చెప్పాడు.

సైరన్‌కు ఇంకా చాలా సేపుంది. సుబ్బరాయప్ప తపేలా తియ్యకుండానే తన గడప ముందు వరసలో నిలబడ్డాడు. వరసలో ఆయన ఒక్కడే.