పసుపు డ్రమ్ము సోలారు

స్కూటరు మోజులో మనిషి ఎంతకు తెగిస్తాడో తెలియాలంటే నన్ను అడగండి. నా పేరు లక్ష్మీరాజం. నిజామాబాద్ మార్కెట్ యార్డులో పసుపు బస్తాలు తూయించే గుమాస్తాను. పాత సైకిలు తొక్కీ తొక్కీ నా మోకాళ్లు దాని చెయిన్ కంటే ఎక్కువ చప్పుడు చేసేవి.

రెండు వేల మూడులో ఒక బ్యాంకు, ఇళ్ల మీద సోలార్ హీటర్లకు తక్కువ వడ్డీకి లోను ఇస్తోందని విన్నాను. హీటరు బిగించి చూపిస్తే డబ్బు చేతికిస్తారట. బిగించినట్టు చూపించి స్కూటరు కొనేద్దామనుకున్నాను. ఇల్లు మా ఆవిడ రేణుక పేరు మీదుంది కాబట్టి సంతకం మాత్రం ఆమెది కావాలి.

"సోలారొస్తే నాకు పొయ్యి ఊదుడు తప్పుతదా?" అంది కళ్లు తుడుచుకుంటూ. పదిహేనేళ్లుగా ఇంటిల్లిపాదికీ కట్టెల పొయ్యి మీద నీళ్లు కాగబెడుతోంది. పొగకు ఆమె కళ్లు ఎప్పుడూ ఎర్రగానే ఉండేవి.

"ముందుగాల స్కూటరు. సోలారు సంగతి మళ్ల సూద్దాం."

"గట్లనా? సరే తియ్యి."

రేణుక అంత తేలిగ్గా ఒప్పుకుందంటే నేను భయపడాలి. భయపడలేదు.

ముప్కాల్‌లో ఉండే మా బామ్మర్ది లింబాద్రి దగ్గర్నుంచి పసుపు ఉడకబెట్టే పాత డ్రమ్ము తెచ్చి, రేణుకను కడగమన్నాను. దానికి నల్లరంగు పూసి, మిద్దె మీద పెట్టి, అల్మారా అద్దం ఊడదీసి ఆనించాను. స్నానాల గదికి పైపు వేశాను. చూస్తే నాకే నిజమనిపించింది.

తనిఖీ ఆఫీసరు ఆత్మారాంను అందరూ 'తవ్వకాల ఆత్మారాం' అంటారు. బర్రె లోనుకు వెళ్తే, పాలు పితికి చూసిగానీ సంతకం పెట్టడు.

ఆయన వచ్చే రోజే మబ్బు పట్టింది.

"రేణుకా, జర నాలుగు బకెట్లు కాగబెట్టవే. డ్రమ్ముల పోస్త."

"నీ సోలారు నువ్వే కాగబెట్టుకో," అని బీడీలు చుట్టే చాట ముందేసుకుని కూర్చుంది.

పొయ్యి ఊదాను. కట్టెలు తడివి. పొగంతా నా కళ్లలోకే వచ్చింది. బకెట్లు మోస్తూ మెట్లెక్కి దిగాను. ఈమె రోజూ ఇది ఎలా చేస్తోందోనని మొదటిసారి సిగ్గేసింది. స్కూటరు గుర్తొచ్చి సిగ్గును పక్కన పెట్టాను.

"ఏమయ్యా, ఏడ్సినవా?" అన్నాడు ఆత్మారాం వస్తూనే.

"సంతోషం సారూ."

ఆయన తెల్లచొక్కా చేతులు మడిచి నల్లా తిప్పాడు. "అబ్బ! మబ్బు పట్టినా గింత కాకనా!" అని మురిసిపోయి మొహం కూడా కడుక్కున్నాడు. తలెత్తేసరికి మొహం, మీసం, చొక్కా అన్నీ పచ్చగా, నలుగు పెట్టిన పెళ్లికొడుకులా ఉన్నాడు.

"గిదేందయ్యా లక్ష్మీరాజం?"

రేణుక చాట దించి లేచింది.

"ఏమనుకోకుండ్రి సారూ. ఎండకు నీళ్లు కాగుతయో లేవోనని మా ఆయన పసుపు డ్రమ్ము పెట్టి సూసిండు. అసలుది నేను దుకాణంల చెప్పిపెట్టిన. పైసలు మా చేతికొద్దు, దుకాణపాయనకే ఇయ్యుండ్రి."

చీర కొంగులోంచి దుకాణం కాగితం తీసింది. ఆత్మారాం చూపించిన చోట సంతకం కూడా పెట్టేసింది. నా స్కూటరు అక్కడే అయిపోయింది.

ఆయన వెళ్లాక గొణిగాను. "డ్రమ్ము కడుగుమంటి గదనే?"

"కడిగిన. బయట. లోపల గూడ కడుగుమన్నవా?"

వారంలో అసలు హీటరు వచ్చింది. రేణుక కళ్ల ఎరుపు పోయింది. చూస్తుంటే నాకూ సంతోషంగానే ఉంది. రోజూ వేడినీళ్లు పోసుకుని సైకిలెక్కుతున్నాను.

మొన్న నోరు జారి, "ఈ నీళ్లకు మోకాళ్ల నొప్పులు తగ్గినయే," అన్నాను.

"ఇగ స్కూటరెందుకు నీకు?" అంది రేణుక.