అచ్చియమ్మగారి రెండు పుట్టుమచ్చలు

మార్చి మొదటి వారంలో అచ్చియమ్మగారి పుట్టుమచ్చలు పక్క మంచం వాళ్లకి అంటుకున్నాయి. ఒకటి కుడిచెవి కింద, ఒకటి ఎడమ మణికట్టు మీద. పొద్దున దురద పుడితే సాయంత్రానికి మచ్చ తేలేది. నెల తిరక్కుండా, కాకినాడ శివార్లలోని ఆ పెద్దల వసతి గృహంలో ఇరవై ముగ్గురికి అవే మచ్చలు. డాక్టరు వచ్చి పూత మందు రాసిచ్చాడు. మచ్చలు తగ్గలేదు గాని నిగనిగలాడాయి.

అక్కడ మనిషిని గుర్తుపట్టేది పుట్టుమచ్చలతోనే. చేర్చుకునేటప్పుడు ఫారంలో రాసుకునేవి అవే మరి. అందుచేత ఇరవై ముగ్గురూ రూలు ప్రకారం అచ్చియమ్మగారే అయ్యారు. పొద్దున ఒకరు ఇడ్లీ తింటే తతిమ్మా వాళ్లకి "మీరు తినేశారు కదండీ" అని చెప్పేవారు. బీపీ అందరికీ చూసి, మొత్తం కలిపి, ఇరవై మూడుతో భాగించి రాసేవారు. అంత నిలకడైన బీపీ ఆ గృహంలో ఎన్నడూ లేదు.

ఆదివారం అచ్చియమ్మ కొడుకు సూరిబాబు కారేసుకుని వచ్చాడు. ఆ మధ్యాహ్నమే అతని కూతురు లాస్య నిశ్చితార్థం. మామ్మ రాకపోతే ఉంగరం పెట్టించుకోనని ఆ పిల్ల మొండికేసింది. అచ్చియమ్మ తెల్లారకముందే పట్టుచీర కట్టుకుని, సంచీ ఒళ్లో పెట్టుకుని వరండాలో కూర్చుంది.

"ఇంతాలస్యమేంట్రా సూరీ?" అంది.

సూరిబాబు మేనేజరు విమలకుమారి దగ్గరికి వెళ్లాడు. "మా అమ్మని తీసుకెళ్లాలండి."

"అలాగేనండి. ఎన్నో అచ్చియమ్మగారండి?"

"అదిగో, ఆవిడేనండి! మొహం చూస్తే తెలీట్లేదా?"

"మొహం మా ఫారంలో లేదండి. మొహాలు మారిపోతాయి. పదో తరగతి సర్టిఫికెట్లో అయినా మచ్చలే కదండీ రాసేది?" ఆవిడ మర్యాదస్తురాలు, కుర్చీ కూడా వేయించింది. "ఒంటిమీద ఇంకో గుర్తేదైనా చెప్పండి. మూడుసార్లు చెప్పొచ్చు. కన్నకొడుకు చెబితే చెల్లుతుందండి."

అచ్చియమ్మని మెడ నుంచి పాదాల దాకా దుప్పటితో కప్పారు. యాభై ఆరేళ్లుగా చూస్తున్న తల్లి. సూరిబాబు "మోకాలి మీద దెబ్బ" అన్నాడు. కాదు. "మోచేతి మీద వాత" అన్నాడు. అదీ కాదు. మూడోసారికి దుప్పటిని ఎగాదిగా చూశాడు. తల్లి ఆశగా అతని నోటి వంకే చూస్తోంది. అతనికి ఏడుపొచ్చినంత పనైంది.

"ఎడంకాలికి ఆరు వేళ్లురా," అంది చివరికి. "పరీక్షలప్పుడు, పెళ్లప్పుడు, కారు కొన్నప్పుడు దణ్ణం పెట్టావు కదరా వీటికి!"

జవాబు బయటపడిపోయింది కాబట్టి ఇక చెల్లదని విమలకుమారి రాసుకుంది. అయితే అచ్చియమ్మగారి పేర ఆ రోజుకి బయటికెళ్లే పాసు ఒకటి ఉంది. వరస ప్రకారం అది ఏడో అచ్చియమ్మగారికి, అంటే రిటైర్డ్ హెడ్మాస్టరు పేర్రాజుగారికి వచ్చింది. ముహూర్తం ముంచుకొస్తోంది. సూరిబాబు ఆయన్నే కారెక్కించుకున్నాడు.

నిశ్చితార్థం దివ్యంగా జరిగింది. లాస్య హడావుడిగా మాస్టారి కాళ్లకి దణ్ణం పెట్టి, ఫోటో సరిగ్గా రాలేదంటే మళ్లీ పెట్టింది. పెద్దావిడ కాస్త చిక్కిందని చుట్టాలు అనుకున్నారు. ఒకరిద్దరు మీసం గమనించారు గాని, పెద్దవయసులో అవన్నీ మామూలేనని సరిపెట్టుకున్నారు.

సాయంత్రం వెనక్కి వచ్చేసరికి అచ్చియమ్మ అదే పట్టుచీరలో, అదే కుర్చీలో ఉంది.

"నన్నెవరైనా అడిగారా మాస్టారూ?"

"అందరూ అడిగారమ్మా, ఒంట్లో ఎలా ఉందని. బాగానే ఉన్నానని చెప్పాను."

ఆవిడ తలూపి, ఆయన తెచ్చిన కాజా తీసుకుంది.

రిజిస్టరులో సంతకం పెడుతూ సూరిబాబు మణికట్టు గోక్కున్నాడు. తర్వాత చెవి కింద గోక్కున్నాడు. విమలకుమారి కళ్లజోడు సర్దుకుని చూసింది.

"ఇరవై నాలుగో మంచం కిటికీ పక్కనండి. వరసలో మీ పాసు వచ్చేదాకా ఉండండి. ఈలోగా మీవాళ్లెవరైనా వచ్చి గుర్తు చెప్పినా పంపించేస్తాం."

"నేను చెబుతానుండమ్మా," అంది అచ్చియమ్మ గబగబా. "వీడి వీపు మీద, ఎడంపక్కన, జీడిరసం పడి పొక్కిన మచ్చ. రెండో క్లాసులో."

"ఎవరి గురించి వాళ్లే చెప్పుకుంటే చెల్లదండి అచ్చియమ్మగారూ."

సూరిబాబు బూట్లు విప్పి మంచం కింద పెట్టాడు. రేపు లాస్య వస్తే ఏం చెబుతుందోనని కాలివేళ్లు ఒకసారి లెక్కపెట్టుకున్నాడు. సరిగ్గా ఐదేసి ఉన్నాయి.