ఎడమ బుగ్గ మీది చుక్క

మనిషి ముఖం నమ్మదగిన ఆధారం కాదనీ, ముఖం ఎలా ఉండాలో తేల్చాల్సింది లేజర్ ప్రింటరేననీ మన పరిపాలన ఏనాడో నిర్ణయించుకుంది. చిట్టమూరు సాయిలక్ష్మికి ఈ సంగతి తడలో ఫ్యాక్టరీ గేటు దగ్గర తెలిసింది.

ఆమె గుర్తింపు పత్రంలో ‘ఎడమ బుగ్గ మీద పుట్టుమచ్చ’ అని ఉంది. సెక్యూరిటీ మనిషి పత్రాన్ని చూశాడు, బుగ్గను చూశాడు, మళ్లీ పత్రాన్ని చూశాడు.

“మచ్చ యాడమ్మా?” అన్నాడు.

లేదంది. అయితే సాయిలక్ష్మి కూడా రానట్టే లెక్క అన్నాడు. సోమవారంలోగా పనిలో చేరకపోతే ఆ చోటు ఇంకొకరికి పోతుంది. నాట్లు లేని నెలల్లో ఆ ఇంటికి వేరే ఆధారం లేదు. పత్రం ఇచ్చిన ఆఫీసుకే తిరిగి వచ్చింది.

విచారించగా తేలిందేమంటే, ఆఫీసు ప్రింటరు లోపలి డ్రమ్ము మీద పొడి పేరుకుని, ప్రతి కాయితానికీ నల్లచుక్కలు పెడుతోంది. సాయిలక్ష్మి చిత్తుప్రతిలో ఒక చుక్క ఫొటోలోని బుగ్గ మీద పడింది. గుమాస్తా పెంచలకృష్ణ దాన్ని శ్రద్ధగా గమనించి, పుట్టుమచ్చల గడి నింపాడు. (అదే పూట రూఫస్ అనే ఆయనకు చుక్క తండ్రి పేరు మీద పడింది. ఆయన కేసు ఇంకా నడుస్తోంది.)

ప్రింటరు తెరవాలంటే యంత్రాంతర్భాగ పరిశుభ్రతాధికారి రావాలి. ఆయన నెల్లూరు నుంచి వచ్చాడు. డ్రమ్ము వెలుతురుకు ఓర్చుకోలేదని కిటికీలు మూయించాడు. మెత్తటి పొడిగుడ్డతో రోలర్లను పసిబిడ్డను తుడిచినట్టు తుడిచాడు. లోపలి నుంచి ఒక గుండుసూది, ఎవరిదో సగం సంతకం, ఎండిన బల్లిగుడ్డు తీసి, మూడింటికీ రసీదు రాశాడు. అంతసేపూ సాయిలక్ష్మి నిలబడే ఉంది.

కొత్త పత్రం తళతళలాడుతూ వచ్చింది. ఫొటోలో మచ్చ పోయింది. రాతలో మచ్చ ఉంది.

“నా మొగం చూడండి సార్,” అంది.

“మొగాలు చూసి రాస్తే పక్షపాతం అంటారమ్మా. రికార్డు మార్చే అధికారం నాకు లేదు. మొగం మార్చుకునే అధికారం మీకుండాది,” అన్నాడు పెంచలకృష్ణ, చేతనైన సాయం చేసినవాడిలా.

మర్నాడు కాటుకతో చుక్క పెట్టుకుని బయల్దేరింది. బస్సులో పట్టిన చెమటకు తడ చేరేసరికి అది గడ్డం మీదికి దిగింది. గడ్డం మీద మచ్చ ఉన్నది వేరే మనిషన్నారు. ఆదివారం నాయుడుపేట వెళ్లి బుగ్గ మీద పచ్చబొట్టు పొడిపించుకుంది. అత్త కామాక్షమ్మ అటూ ఇటూ తిప్పి చూసి, పోనీలే, ఆ చుక్క ముక్కు కొసన పడలేదు, అంది. సోమవారం గేటు తెరుచుకుంది.

కొన్ని నెలలకు కంపెనీ ఆమెను పర్మనెంటు చేయదలచి, తాజా ఫొటోతో కొత్త పత్రం తెమ్మంది. పెంచలకృష్ణ చిత్తుప్రతి తీశాడు. బుగ్గ మీది చుక్క చూసి ఉలిక్కిపడి ప్రింటరు ఆపేశాడు. అధికారి మళ్లీ వచ్చాడు, కిటికీలు మళ్లీ మూశారు. ఎంత తుడిచినా చుక్క పోలేదు. అది నిజంగానే తన ముఖాన ఉందని సాయిలక్ష్మి చెప్పబోతే, డ్రమ్ము దగ్గరికి రావద్దన్నారు.

యంత్రం బాగయ్యేదాకా ఆమె దరఖాస్తును ఆపి ఉంచమని రాశారు. కంపెనీ మాత్రం ఆగలేదు.