ఇరవై ఐదు నిమిషాల ఒడిబియ్యం

ఆ ఆదివారం కోసం నవత వేసుకున్న పథకంలో ఒక్క నిమిషం కూడా ఖాళీ లేదు. తొమ్మిదింటికి మేనత్త నర్సమ్మ ఇంట్లో ఒడిబియ్యం పోసే ఆచారం, ఇరవై ఐదు నిమిషాలు. పదింటికి తారాబాయి పొయ్యి దగ్గర జొన్నరొట్టె తట్టడం నేర్చుకోవడం, నలభై నిమిషాలు. పదకొండున్నరకు ఝరాసంగం దగ్గరి పల్లెలో చెన్నమ్మ బుట్టల్లో దాచిన పాతకాలపు విత్తనాలు. తర్వాత భోజనం, బజారు, చివర్లో టీకి పన్నెండు నిమిషాలు. జహీరాబాద్‌లో పన్నెండు నిమిషాల్లో టీ తాగి లేచిన మనిషిని ఆమె తన ముప్ఫై నాలుగేళ్ల వయసులో ఎన్నడూ చూడలేదు. అయినా రాసుకుంది. ఉత్సాహం మనిషి చేత ఏదైనా రాయిస్తుంది.

ఆ ఉత్సాహం ఊరికే రాలేదు. హైదరాబాద్‌లో ఒక పర్యటనల కంపెనీ ఉంది. ఆరుగురికి మించకుండా మనుషులను చిన్న చిన్న ఊళ్లకు తీసుకెళ్లి, అక్కడి తిండి, అక్కడి ఆచారాలు దగ్గరగా చూపించడం వాళ్ల పని. జహీరాబాద్ బాధ్యత నవత అడిగింది. వాళ్లు సరేనన్నారు, కానీ ముందు ఒక పరీక్ష పెట్టారు. కంపెనీ పరిశీలకురాలు స్వప్న ఐదుగురు పర్యాటకులతో కలిసి వచ్చి, రోజంతా తిరిగి చూసి, సంతకం పెడితే ప్రతి ఆదివారం జహీరాబాద్ పర్యటన ఉంటుంది. పెట్టకపోతే లేదు. ఆ సంతకాన్ని నమ్ముకుని నవత పదేళ్ల సైన్సు టీచరు ఉద్యోగానికి జూన్‌లోనే రాజీనామా ఇచ్చేసింది. సంతకం రాకపోతే హెడ్‌మాస్టరు ముందు నిలబడి మళ్లీ ఉద్యోగం అడగాలి.

మొదటి దెబ్బ ఎనిమిదిన్నరకు ఫోన్లో తగిలింది. ఒడిబియ్యం పోయించుకోవడానికి పీట మీద కూర్చుంటానని మాటిచ్చిన పక్కింటి శ్యామల, గొంతు తగ్గించి చెప్పింది.

"అక్కా, నేను కూసోను. నాకు పోయినేడాదే పోసిన్రు. పోసినంక రెండో ఏడు, సరి ఏడు పొయ్యొద్దంట, మా అమ్మ లొల్లి చేస్తున్నది."

"ఉత్తుత్తిదే కదనే! వచ్చినోళ్లకు సూపియ్యనీకి!"

"ఉత్తుత్తిగ పోసినా బియ్యం బియ్యమే గదక్కా," అని శ్యామల పెట్టేసింది.

వేరే మనిషిని వెతికే వ్యవధి లేదు. వీధి చివర పీటర్ వ్యాను హారన్ వినిపించింది. పీటర్‌ది మొగుడంపల్లి. మాట తక్కువ, హారన్ ఎక్కువ. వ్యానులోంచి మొదట దిగింది స్వప్న. దిగుతూనే వాచీ చూసుకుని, చేతిలోని ఫారంలో ఏదో రాసింది.

"ఏడు నిమిషాలు లేటండీ," అంది నవ్వకుండా.

ఆమె వెనక రిటైరైన ఇంజినీరు రాజేశ్వర్, ఆయన భార్య, సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసే ఇద్దరమ్మాయిలు, మెడలో కెమెరా వేసుకున్న రాకేశ్ అనే యువకుడు దిగారు. నవత గబగబా ఆచారం గురించి చెప్పడం మొదలుపెట్టింది. పెళ్లయిన ఆడపిల్లను పుట్టింటివాళ్లు పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, రవికె గుడ్డ ఆమె ఒడిలో నింపి అత్తారింటికి సాగనంపుతారని, దాన్నే ఒడిబియ్యం అంటారని వివరించింది. "అయితే ఈ రోజు కూర్చోవలసిన అమ్మాయి..." అంటూ నీళ్లు నమిలింది.

"నేను కూర్చుంటాను. మాది విశాఖపట్నం, మా వైపు ఇది లేదు. ఎలా ఉంటుందో రిపోర్టులో రాయాలి కదా," అంది స్వప్న.

నవత ప్రాణం లేచొచ్చింది. పరీక్ష పెట్టేవారే పీట మీద కూర్చుంటే అంతకన్నా ఏం కావాలి!

నర్సమ్మ ఇల్లు అలికి, ముగ్గేసి ఉంది. ముందురోజు నవత ఆమెకు ఒకటే మాట చెప్పింది, "అత్తా, జర మంచిగ చెయ్యి. సొంత బిడ్డకు పోసినట్టే పొయ్యాలె." నర్సమ్మకు పాండు, నర్సింలు అని ఇద్దరు కొడుకులే. ఆడపిల్ల లేదు. నలభై ఏళ్లుగా వాడలో అందరి బిడ్డలకూ బియ్యం పోసి, చేతులు కడుక్కుని, ఖాళీ కొంగుతో ఇంటికొచ్చిన మనిషి ఆమె. అలాంటి మనిషికి సొంత బిడ్డ అని చెప్పేముందు నవత ఒక్కసారి ఆలోచించి ఉండవలసింది. ఆలోచించలేదు.

"బిడ్డా, పెండ్లయి ఎన్నేండ్లయింది?" అని అడిగింది నర్సమ్మ, స్వప్న నుదుట బొట్టు పెడుతూ.

"ఐదేళ్లండీ."

"ఐదేండ్లల్ల ఒక్కపారి గూడ ఎవరు పొయ్యలేదా?"

"లేదండీ."

నర్సమ్మ కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఒట్టి ఒడితోని ఐదేండ్లు తిరిగినవా తల్లీ!" అని స్వప్నను దగ్గరకు తీసుకుని, కొడుకులను కేకేసింది. "ఓరి పాండూ! మీకు అక్క దొరికిందిరా! పొయ్యి అందరిని పిలువు!"

"అత్తా, ఐదుగురు ముత్తయిదువలు చాలు," అంది నవత కంగారుగా. "ఇరవై ఐదు నిమిషాలే ఉన్నది."

"ఐదుగురిని పిలిస్తే ఆరో ఇంటామె నాతోని మాట్లాడుతదా? నువ్వు ఫికర్ చెయ్యకు."

పాండు ఏ ఇంటినీ వదిలిపెట్టే రకం కాదు. పావుగంటలో ఇరవై రెండు మంది ఆడవాళ్లు పళ్లాలతో దిగారు. ఒక్కొక్కరు ఐదేసి దోసిళ్లు పోయడం మొదలుపెట్టారు. స్వప్న ఒడి నిండింది. తువ్వాలు కట్టారు, అదీ నిండింది. ఇంకో తువ్వాలు వచ్చింది. ఫారం, పెన్ను, చేతి వాచీ బియ్యం అడుగుకు వెళ్లిపోయాయి. సాఫ్ట్‌వేర్ అమ్మాయిలు కేరింతలు కొడుతూ ఫొటోలు తీస్తున్నారు. "సూపర్ అక్కా, ఇంకా పోయండి!" అని వాళ్లు అంటుంటే నవత ఫోన్లో టైము చూసుకుంటోంది.

ఇంతలో నర్సమ్మకు పెద్ద లోటు ఒకటి కనిపించింది. "అల్లుడేడి? అల్లుడు పక్కన లేకుంట బియ్యం ఎట్ల పోస్తరు?"

స్వప్న అప్పటికి ఎంతగా మెత్తబడిందంటే, తానే హైదరాబాద్‌లో ఉన్న భర్త సృజన్‌కు వీడియో కాల్ చేసింది. ఆదివారం నిద్రలోంచి బనీనుతో లేచిన సృజన్, ఫోన్లో ఇరవై రెండు మంది ఆడవాళ్లను చూసి దుప్పటి కప్పుకున్నాడు. నర్సింలు ఇంకో పీట వేసి దాని మీద ఫోన్ నిలబెట్టాడు. నర్సమ్మ ఫోనుకు బొట్టు పెట్టింది. ప్యాంటు గుడ్డ ఒకటి ఫోను మీద కప్పింది.

"చీకటైపోయింది, ఏమీ కనబడట్లేదు," అని గుడ్డ కిందినుంచి సృజన్ గొంతు వినిపించింది.

"అల్లుడు గమ్మున కూసోవాలె," అంది నర్సమ్మ.

ఇక అల్లుడి తరఫున ఒక పెద్దమనిషి ఉండాలన్నారు. రాజేశ్వర్‌ను కుర్చీలో కూర్చోబెట్టి భుజాన కండువా వేశారు. అప్పటిదాకా ఒక మూల నిలబడి మోకాలి నొప్పి గురించి మాట్లాడుతున్న ఆ పెద్దమనిషి, కండువా పడగానే నిటారుగా అయిపోయాడు. ఆయన భార్య వియ్యపురాలు అయింది. అమ్మాయిలిద్దరూ ఆడబిడ్డలు. రాకేశ్‌ను మరిది అన్నారు. అందరికీ తలా ఒక గుడ్డ పెట్టారు.

బయట పీటర్ హారన్ కొట్టాడు. పది ముప్పావు.

"అత్తా, ఇగ పోతం!" అంది నవత దాదాపు ఏడుపు గొంతుతో.

నర్సమ్మ ఆమెను వింతగా చూసింది. "ఒడిబియ్యం పోసిన బిడ్డ తినకుంట గడప దాటుతదానే? పాండు మటన్ తేనీకి పోయిండు."

నవత వీధిలోకి పరుగెత్తి తారాబాయికి ఫోన్ చేసింది. గంటనుంచి పొయ్యి రాజేసుకుని కూర్చున్న తారాబాయి, సంగతి విని అలగలేదు. అలిగినా బాగుండేది. "నర్సమ్మకు బిడ్డ దొరికిందా! మరి రొట్టెలు నేనే పట్టుకొస్త!" అంది. అరగంటలో షేరింగ్ ఆటోలో పెనంతో, పిండితో, మరో నలుగురు ఆడవాళ్లతో దిగి, నర్సమ్మ వాకిట్లోనే పొయ్యి పెట్టింది. దారిలో ఆమె చెన్నమ్మకూ చెప్పింది. చెన్నమ్మ విత్తనాల బుట్టలు నెత్తిన పెట్టుకుని, పల్లెలో సగం మంది ఆడవాళ్లను వెంటబెట్టుకుని పన్నెండింటికి వచ్చింది. వస్తూనే కొర్రలు, సామలు, పచ్చజొన్నలు తలా దోసెడు స్వప్న ఒడిలో పోసింది.

మధ్యాహ్నానికి నవత లెక్క పెట్టడం మానేసింది. ఆరుగురి చిన్న బృందం ఎక్కడుందో వెతుక్కోవలసి వచ్చింది. ఆడబిడ్డలిద్దరూ తారాబాయి దగ్గర గొంతుక్కూర్చుని రొట్టెలు తడుతున్నారు. ఒకటి కర్ణాటక ఆకారంలో, ఇంకోటి ఏ ఆకారమూ లేకుండా వచ్చింది. వియ్యపురాలు చెన్నమ్మ దగ్గర విత్తనాల పేర్లు రాసుకుంటోంది. మరిది రాకేశ్ కెమెరా పక్కన పెట్టి ఉల్లిగడ్డలు కోస్తున్నాడు. పీటర్ మాత్రం వ్యాను దిగలేదు. దిగితే పిల్లలు స్టీరింగ్ ఎక్కుతారని అతని భయం. అతనికి బగారన్నం, మటన్ కూర వ్యానులోకే పంపారు. తిని, చేయి కడుక్కుని, మళ్లీ హారన్ కొట్టాడు.

భోజనాల బంతిలో రాజేశ్వర్ విస్తరి ముందు నుంచి లేచి నిలబడ్డాడు.

"మాకిచ్చే మర్యాద ఇదేనా అమ్మా? అల్లుడి తరఫు పెద్దకు మూలుగ బొక్క పడలేదు!"

నర్సమ్మ హడలిపోయి తన కొడుకు విస్తట్లోని మూలుగ ఎముక తీసి ఆయనకు వేసింది. ఆయన శాంతించాడు. భర్త ఇంట్లో ఎన్నడూ నోరెత్తి అడగగా చూడని ఆయన భార్య, రొట్టె ముక్క చేతిలో పట్టుకుని అలాగే చూస్తూ ఉండిపోయింది.

నాలుగు గంటలైంది. స్వప్న లేవాలి. ఒడిలో బియ్యంతో లేవలేకపోయింది. ఇద్దరు తమ్ముళ్లూ రెండు వైపులా పట్టి లేపారు. గడప దగ్గర, ఆచారం ప్రకారం, ఆమె ఒడిలోంచి ఐదు పిడికిళ్ల బియ్యం తీసి నర్సమ్మ కొంగులో వేసింది, తల్లిగారిల్లు చల్లగా ఉండాలని. నర్సమ్మ కొంగు పట్టుకుని నిలబడిపోయింది. ఆ కొంగులో అలా బియ్యం పడడం అదే మొదటిసారి. ఆమె ఏడ్చింది, స్వప్న ఏడ్చింది, గుడ్డ కిందినుంచి సృజన్ కూడా ముక్కు చీదాడు.

అప్పుడు స్వప్న తువ్వాలు మూటలోంచి ఫారం బయటికి లాగింది. పసుపు అంటుకుని ఉంది. ఆమె మొదటి ప్రశ్న దగ్గరే ఆగిపోయింది.

"నవతగారూ, ఇందులో ఒక నిబంధన ఉందండీ. పరిశీలకులకు నిర్వాహకులతో బంధుత్వం ఉండకూడదు. ఉంటే సంతకం చెల్లదు." ఆమె ఒకసారి నర్సమ్మ వైపు చూసి, నెమ్మదిగా అంది, "మీరు చెప్పండి. బంధుత్వం ఉందా, లేదా?"

లేదు అనడానికి ఒక్క క్షణం చాలు. ఇదంతా ప్రదర్శన మేడం, ఉత్తదే అంటే సంతకం వస్తుంది. నవత కళ్లముందు హెడ్‌మాస్టరు కనిపించాడు. కానీ ఆయనకన్నా దగ్గరగా నర్సమ్మ కనిపిస్తోంది, కొంగులో ఐదు పిడికిళ్లు ముడివేసుకుంటూ, ఏమీ అర్థంకాక ఇద్దరినీ మార్చి మార్చి చూస్తూ.

"ఉన్నది," అంది నవత. "మా మేనత్త బిడ్డవు. నాకు వదినవు అయితవు. రాయి వదినా."

స్వప్న రాసింది. సంతకం పెట్టకుండా ఫారం మడిచింది. వ్యాను కదులుతుంటే వాడంతా చేతులూపింది. నవత కూడా ఊపింది, సోమవారం బడికి ఏ చీర కట్టుకుని వెళ్లాలో ఆలోచిస్తూ.

మూడు రోజుల తర్వాత కంపెనీ నుంచి ఫోన్ వచ్చింది. పెద్ద మేనేజరు గొంతు అయోమయంగా ఉంది.

"మేడం, స్వప్నగారు బంధువునని రాశారు. సరే, మిగతా ఐదుగురి అభిప్రాయం అడిగాం. ఒకాయన నేను అల్లుడి వైపు పెద్దనంటున్నారు. ఇద్దరు ఆడబిడ్డలమంటున్నారు. ఒకావిడ వియ్యపురాలట, ఒకతను మరిదట. బంధువు కానివారు ఆ రోజు ఎవరూ లేరా?"

నవత ఆ రోజు వచ్చినవాళ్లను వేళ్ల మీద లెక్కపెట్టింది. "డ్రైవర్ పీటర్ ఉన్నడండి," అంది.

పీటర్‌కు ఫారం పంపారు. అతను వ్యాను బానెట్ మీద పెట్టుకుని నింపాడు. ఎన్ని ప్రదేశాలు చూపించారు అన్నచోట "ఒక్కటే ఇల్లు" అని రాశాడు. ప్రయాణం ఎలా జరిగింది అన్నచోట "బండి కదలలే" అని. సమయపాలన అన్నచోట "ఏడు గంటలు ఆగిన" అని. పర్యాటకులు సంతృప్తి చెందారా అన్నదానికి మాత్రం పెన్ను కొరుకుతూ ఆలోచించి, ఉన్నది ఉన్నట్టు రాశాడు: "పదకొండుసార్లు హారన్ కొట్టిన. ఒక్కరు గూడ బండెక్కలే."

ఆ ఒక్క జవాబు మీద కంపెనీ మర్నాడే అనుమతి పంపింది. నవత ఆ కాగితం పట్టుకుని వాడంతా పరుగెత్తింది. నర్సమ్మను ఎత్తుకుని తిప్పబోయి, ఎత్తలేక, ఇద్దరూ అరుగు మీద కూలబడి నవ్వారు.

ఇప్పుడు జహీరాబాద్ పర్యటన ప్రతి ఆదివారం నర్సమ్మ వాకిట్లో నిండిపోతోంది. జహీరాబాద్ చూసి వెళ్లినవారు మాత్రం ఇప్పటిదాకా ఒక్కరూ లేరు.