వీధితో సహా గవర్రాజు

షెల్టర్ నుంచి కుక్కను ఇచ్చేటప్పుడు దాని వీధిని కూడా కలిపి ఇవ్వడం మొదలుపెట్టాక, కుక్కలు తిరిగి రావడం బాగా తగ్గింది. అంతకుముందు ముచ్చటపడి తీసుకెళ్లినవాళ్లే వారం తిరక్కుండా తెచ్చి అప్పజెప్పేవారు. అన్నం ముట్టదనీ, తలుపు తీస్తే చాలు పారిపోతుందనీ ఫిర్యాదులు. వీధిలో పుట్టిన ప్రాణిని వీధి నుంచి విడదీస్తే కుదురుకోదని ఒక కమిటీ తేల్చింది. కమిటీలు చెప్పేవన్నీ తప్పే కానక్కర్లేదు.

భానోజీరావు, ఇందుమతి దంపతులకు విశాఖపట్నంలో, మూడో అంతస్తులో ఫ్లాటు ఉంది. పిల్లల్లేరు. తలుపు తియ్యగానే తోకాడించుకుంటూ ఎదురొచ్చే ప్రాణి ఒకటి ఉంటే చాలని ఇందుమతి కోరిక. చిన్న కోరికే, కానీ చాలా ఏళ్లది. షెల్టర్లో ఒక నల్లకుక్క ఆమె చెయ్యి వాసన చూసింది. దాని పేరు బ్రూనో అని ఆమె అక్కడికక్కడే నిర్ణయించింది. గడువులోగా ఆ వీధిలో కుదురుకోని ప్రాణి ఏదైనా సరే వ్యాన్‌లో వెనక్కి తీసుకుపోతామన్న షరతు కింద ఇద్దరూ సంతకాలు పెట్టారు.

శనివారం వీధి లారీలో వచ్చింది. కరెంటు స్తంభం లిఫ్టులో పట్టక మెట్ల మీదుగా ఎక్కింది. చెత్తకుండీని టీవీ పక్కన దించారు. ఇడ్లీలమ్మే అప్పలకొండ, తన బండితో, కింద రాలిన పిండి మరకలతో సహా, డైనింగ్ టేబుల్ దగ్గర కుదిరింది. సోఫా రోడ్డుకి అడ్డంగా ఉందని మున్సిపాలిటీవాళ్లు ఎత్తుకుపోయారు. అపార్ట్‌మెంట్ సంఘం అత్యవసరంగా సమావేశమై, ఆటోలు లిఫ్టు వాడకూడదని మాత్రం గట్టిగా తీర్మానించింది. వాచ్‌మన్ వచ్చేపోయేవాళ్ల పేర్లు కొన్నాళ్లు అడిగి, ఆ తర్వాత తనూ పైకొచ్చి ఇడ్లీ తినడం మొదలుపెట్టాడు.

కుక్క హాలంతా ఒకసారి వాసన చూసి, బండి కింద గుండ్రంగా తిరిగి పడుకుని నిద్రపోయింది. ఇంత తొందరగా కుదురుకున్న కుక్కని ఎప్పుడూ చూడలేదని సిబ్బంది మెచ్చుకున్నారు.

కుదురు లేనిది మిగతా ఇద్దరికే. పడగ్గది వీధికి ఒక పక్క, వంటిల్లు రెండో పక్క. ఇందుమతి పాలగిన్నె పట్టుకుని అటూ ఇటూ చూసి దాటాలి. పడగ్గది తలుపు కిర్రుమంటే చాలు, కుక్క లేచి, ఊరికి కొత్తవాళ్లని చూసినట్టు మొరిగేది. బ్రూనో అని పిలిస్తే తల కూడా తిప్పేది కాదు. అప్పలకొండ మూకుడు మీద గరిటెతో కొట్టి "గవర్రాజూ" అంటే మాత్రం ఎక్కడున్నా పరిగెత్తుకొచ్చేది. భానోజీరావు ప్యాంటు అంచులు పీలికలయ్యాయి. ఇద్దరూ పడగ్గదిలో నిలబడి తినడం, అది నిద్రపోయిందో లేదో తలుపుకి చెవి ఆనించి వినడం అలవాటు చేసుకున్నారు. "నా ఇంట్లో నేనే దొంగలా నడుస్తున్నాను," అని ఇందుమతి ఒకరోజు ఏడ్చింది.

భానోజీరావు ఉండబట్టలేక అప్పలకొండని అడిగాడు. "మమ్మల్ని చూసే ఎందుకమ్మా మొరుగుతుందిది?"

"కొత్తోల్లు గదా బాబూ."

"మేమా కొత్త? ఫ్లాటు కొని ఆరేళ్లయింది."

"ఆరేల్లే గదా. నా బండి ఇక్కడే ఉండీది, కింద నేల మీద. మీ పునాదులు తవ్వడానికొచ్చినోల్లు మమ్మల్ని తోలీసినారు. ఆల బుల్‌డోజర్ కిందే దీని తల్లి పోనాది. అప్పుడిది పిల్ల. ఎత్తు పెరిగింది గానీ జాగా అదే బాబూ. కుక్క మర్సిపోద్దేటి?"

భానోజీరావు నేలకేసి చూశాడు. ఇటలీ టైల్స్. అందులో తన తప్పేమీ లేదని చెప్పాడు.

"మీ తప్పని నానన్నానేటి," అంది అప్పలకొండ. "సట్నీ ఎయ్యమన్నారా?"

గడువు ముగిసిన రోజు ఉమాశంకర్ అనే తనిఖీ అధికారి వచ్చాడు. వ్యాన్ కింద ఆగి ఉంది. కుక్కని తీసుకుపోతారేమోనని ఇందుమతికి బెంగ. తీసుకుపోతే బాగుండునని భానోజీరావు ఆశ. ఇద్దరూ తలుపు తీసి బయటికొచ్చారు. కుక్క లేచి, వాళ్లు గోడకి ఆనుకునేదాకా మొరిగింది. అధికారి తల పంకించాడు.

"కుక్క బాగా కుదురుకుంది. మీరిద్దరే కుదురుకోలేదు. వ్యాన్ ఎక్కండి."

"ఇది మా ఇల్లండీ," అంది ఇందుమతి.

"మొదట్లో అలాగే అనిపిస్తుంది మేడం. షెల్టర్లో ఎవరికైనా నచ్చితే తీసుకెళ్తారు. మీ వయసువాళ్లని అడగడం కొంచెం తక్కువనుకోండి."

అప్పలకొండ చేతులు తుడుచుకుంటూ లేచింది. "ఒగ్గీయండి బాబూ. మా ఈదిలో ఉంతారు. నాను సూస్కుంతాను."

అధికారి షరతుల కాగితం తిరగేశాడు. వీధి పూచీ పడితే గడువు పెంచవచ్చు. "జాగ్రత్తగా వినమ్మా. కొన్నాళ్లు బెదురుతారు. కళ్లలోకి సూటిగా చూడొద్దు. రోజూ ఒకే వేళకి పెట్టు. తలుపేసుకుని మూల కూర్చుంటే లాగొద్దు, వాళ్లంతట వాళ్లే వస్తారు. పేరు పెట్టి పిలుస్తూ ఉండు."

"ఏటి పేర్లు?"

ఇందుమతి చెప్పబోయింది. "నీకు ఏది నోరు తిరిగితే అదే," అన్నాడు అధికారి.

అప్పలకొండ ఇద్దర్నీ ఎగాదిగా చూసింది. "అమ్మ రాజులమ్మ. బాబు సిమాచలం."

మర్నాడు పొద్దున మూకుడు మీద గరిటె మోగింది. రాజులమ్మా అన్న పిలుపు రెండుసార్లు వినబడ్డాక పడగ్గది తలుపు కాస్త తెరుచుకుంది. కుక్క గుర్రుమంది. "మనోల్లేరా," అని అప్పలకొండ కసిరింది. అది దగ్గరికొచ్చి ఇందుమతి చెయ్యి వాసన చూసి తోకాడించింది. అన్నేళ్ల కోరిక తీరి ఆమె కళ్లనీళ్లు పెట్టుకుంది. బండి పక్కన చూపించిన చోట, నేల మీద కూర్చుని ఇడ్లీ తింది. కొంచెం సేపటికి భానోజీరావు కూడా వచ్చి కూర్చున్నాడు.

నెల తిరిగేసరికి, వీధి వెడల్పు చెయ్యాలంటూ కొలతల టేపు పట్టుకుని ఎవరో కొత్తవాళ్లు మెట్లెక్కి వచ్చారు. పడగ్గది గోడ మీద ఎర్రరంగుతో గుర్తు పెట్టబోయారు. గవర్రాజు లేచి మొరిగింది. సిమాచలం పళ్లెం పక్కన పెట్టి, గొంతు సవరించుకుని, తనూ మొదలుపెట్టాడు.