పళ్లెం చప్పుడు ప్రకారం జననాలు

హర్యానాలోని లాఖన్‌ఖేడీ గ్రామంలో గత పదేళ్లుగా ఒక్క ఆడపిల్ల కూడా పుట్టలేదని జిల్లా జనన మరణాల లెక్కల శాఖ సవినయంగా ప్రకటించింది. ఆ ప్రకటనను బడి ప్రహరీ గోడకు బయటి వైపు అంటించారు. దాని కిందనే ఊళ్లో ఆడపిల్లలంతా చేరి, ఒకరి జడ ఒకరు లాగుతూ తొక్కుడుబిళ్ల ఆడుకుంటున్నారు. అంటించడానికి వచ్చిన ఉద్యోగి వాళ్లను పక్కకు జరగమని కూడా చెప్పాడు. పుట్టనివాళ్లతో అంతకంటే మాట్లాడాల్సిందేముంటుంది?

ఇందులో ఎవరినీ తప్పుపట్టడానికి లేదు. ఆ ఊరి చౌకీదారు ఫత్తూకు కళ్లకు శుక్లాలు, చెవులు మాత్రం పాము చెవులు. మగపిల్లవాడు పుట్టిన ఇంట్లో ఎవరో ఒకావిడ డాబా ఎక్కి, ఇత్తడి పళ్లేన్ని గరిటెతో ఊరంతా వినపడేలా మోగించడం అక్కడి ఆచారం. ఆ మోత చెవిన పడగానే ఫత్తూ రిజిస్టరు తీసి జననం రాసుకుంటాడు. ఆడపిల్ల పుడితే పళ్లెం మోగదు. మోగనిదాన్ని రాసుకునేంత అబద్ధాలకోరు కాదు ఫత్తూ.

ఆ గ్రామ సర్పంచి భతేరీ దేవి. సీటు ఆడవాళ్లకు కేటాయించినందువల్ల ఆవిడ సర్పంచి అయింది. పని ఉన్నందువల్ల ఆవిడ భర్త చౌధరీ రిసాల్‌సింగ్ సర్పంచిగా ఉంటున్నాడు. భతేరీ అంటే 'ఇక చాలు' అని. వరసగా ఆడపిల్లలు పుడుతుంటే తల్లిదండ్రులు దేవుడికి ఆ రకంగా అర్జీ పెట్టుకున్నారు. అర్జీ బుట్టదాఖలైంది, పేరు మిగిలింది. ఆమె కోడలు కమలేశ్‌కు ఇప్పటికే ఇద్దరు కూతుళ్లు. పెద్దదాని పేరు ధాపో, అంటే 'కడుపు నిండింది'. చిన్నది మాఫీ, అంటే 'క్షమించు'. ధాపోను బడిలో చేర్చబోతే, కాగితం లేదు గనక ఇంకా పుట్టలేదనీ, పుట్టాక తీసుకురమ్మనీ హెడ్మాస్టరు మర్యాదగా చెప్పి పంపాడు.

కమలేశ్ మళ్లీ నెల తప్పింది. భతేరీకి ఉన్నది ఒకటే కోరిక. ఆమె పుట్టినప్పుడు మోగలేదు, ఆమె కన్న కూతుళ్లకు మోగలేదు, మనవరాళ్లకు మోగలేదు. ఈసారి ఎవరు పుట్టినా పళ్లెం మోగాలి, పుట్టినదాన్ని ఫత్తూ రాయాలి.

"ఈసారి పిల్ల పుట్టినా పళ్లెం కొడతాను," అంది ఒకనాడు మొగుడితో, రొట్టెలు కాలుస్తూ.

రిసాల్‌సింగ్ తాపీగా హుక్కా పీల్చాడు. "కొట్టు. ఊరంతా పరుగెత్తుకొస్తుంది. వచ్చినవాళ్లకి ఏం చూపిస్తావ్?"

"పిల్లని చూపిస్తా."

"లడ్డూలు కూడా పెడతావా ఏం? నెయ్యి మీ పుట్టింటి గేదెలిస్తాయా?"

ఆ సాయంత్రమే ఇంట్లో ఉన్న పళ్లెం ట్రంకుపెట్టెలోకీ, పెట్టె తాళంచెవి ఆయన మొలతాటికీ చేరాయి.

ఈలోగా పైనుంచి జిల్లా లెక్కల అధికారి కథూరియా సాహెబుకు చీవాట్లతో కూడిన ఉత్తర్వు వచ్చింది. ఆయన ఆగమేఘాల మీద జీపులో దిగి, పెద్ద గ్లాసుతో లస్సీ తాగి, మీసాలకంటిన నురగ తుడుచుకుని ఉపన్యసించాడు. "సోదరులారా, ఆడపిల్ల ఇంటికి వెలుగు, దేశానికి వెలుగు. ఆడామగా నిష్పత్తి గనక ఈ ఏడు కూడా సరిపోకపోతే నా బదిలీ రాజస్థాన్ సరిహద్దుకి. కాబట్టి ఆడపిల్లను కాపాడుకుందాం."

అప్పటికప్పుడు ఒక విధానం ఖరారైంది. ఇకపై పళ్లెం మోగినప్పుడల్లా ఒక మగపిల్లవాణ్ణీ, ఒక ఆడపిల్లనూ రాయాలి. రాజ్యాంగం చెప్పిన సమానత్వం కూడా ఇదేనని సాహెబు నొక్కి చెప్పాడు.

ఫత్తూ బుర్ర గోక్కున్నాడు. "లేని పిల్లని ఎట్లా రాసేది సాబ్?"

"ఉన్న పిల్లల్ని ఇన్నేళ్లు రాయకుండా ఉన్నావు కదా. అంతకంటే కష్టమా ఇది?"

కష్టం కాదని తేలిపోయింది. పాత రిజిస్టర్లు కూడా ఆ విధంగానే సవరించడంతో లాఖన్‌ఖేడీలో ఆడామగా సరిసమానమైపోయారు. ఏ కాన్పు చూసినా కవలలే. ఆ రహస్యమేమిటో కనుక్కోవడానికి రాజధాని నుంచి డాక్టర్లు వచ్చి బోరునీళ్లు సీసాల్లో పట్టుకుపోయారు. కాగితాల మీద పుట్టిన ఆడపిల్లలు చాలా బుద్ధిగా పెరిగారు. సూదిమందు వేస్తే ఏడవలేదు, అంగన్‌వాడీలో జావ గిన్నె ఖాళీ చేశారు, బడికి ఒక్కరోజూ మానలేదు. మాఫీ గిన్నె పట్టుకుని వెళ్తే టీచరమ్మ, "ఆడపిల్లలందరూ తినేశారు తల్లీ, నువ్వెవరు?" అని అడిగింది.

ఇంతటి ప్రగతిని ప్రభుత్వం చూస్తూ ఊరుకుంటుందా? లాఖన్‌ఖేడీని 'ఆదర్శ పుత్రికా గ్రామం'గా ఎంపిక చేసింది. షామియానా వేశారు, హల్వా వండారు, మంత్రిగారు వచ్చారు. బహుమతి ఒక పెద్ద వెండిపూత పళ్లెం. దాని మీద 'ఆడపిల్ల పుడితే ఆనందం' అని చెక్కించారు. సర్పంచి భతేరీ దేవి గడ్డం దాకా ముసుగు వేసుకుని వేదిక చివర కూర్చుంది. ఆమెకు దారి కనిపించదని దయతలచి, రిసాల్‌సింగే లేచి పళ్లెం అందుకున్నాడు.

"మా ఊళ్లో ఆడామగా తేడా లేదు," అన్నాడు మైకులో. "కావాలంటే మా ఆవిణ్ణే అడగండి."

ఎవరూ అడగలేదు. సరిగ్గా అప్పుడే పక్కింటావిడ వేదిక వెనకనుంచి వచ్చి భతేరీ చెవిలో చెప్పింది. కమలేశ్‌కు కాన్పయింది, ఆడపిల్ల.

భతేరీ లేచింది. బల్లమీద పెట్టిన బహుమతి పళ్లెం తీసుకుంది. హల్వా గంగాళంలోంచి గరిటె లాక్కుంది. మంత్రిగారు స్త్రీ శక్తి గురించి చెబుతుండగా ఆ శక్తి ఆయన ముందునుంచే ఇంటికి నడిచి, డాబా ఎక్కి, ముసుగు వెనక్కి తోసి, పళ్లెం మోగించింది. తనకోసం కొట్టింది, కూతుళ్లకోసం కొట్టింది, వెండిపూత లేచిపోయి సొట్టలు పడేదాకా కొట్టింది. కొడుతూనే ఏడ్చింది. అంత సంతోషం ఆమెకు పెళ్లినాడు కూడా కలగలేదు.

ఊరంతా మంత్రిగారిని వదిలేసి పరుగెత్తుకొచ్చింది. ఊళ్లో అందరికీ భతేరీ తాయీ, అంటే పెద్దమ్మ.

"తాయీ, మనవడట కదా!"

"మనవరాలు."

"మరి పళ్లెం?"

"అదీ దానిదే. దాని పేరు ఝంకారి."

జనం మళ్లీ హల్వా వైపు మళ్లారు. వెనకాలే ఆయాసపడుతూ వచ్చిన ఫత్తూ మాత్రం రిజిస్టరు తెరిచి, నిబంధన ప్రకారం ఒక ఆడపిల్లనూ, ఒక మగపిల్లవాణ్ణీ రాసేశాడు.

"పుట్టింది ఒక్కతే ఫత్తూ," అంది భతేరీ.

"రూలు తాయీ. రాస్తే జంటగా రాయాలి, కొడితే జంటగా కొట్టేయాలి. కొట్టేయనా?"

భతేరీ ఆ వరసకేసి చూసింది. తమ ఇంట్లో ఒక ఆడపిల్ల పుట్టినట్టు లోకం మొదటిసారి ఒప్పుకుంటోంది. "ఉంచు," అని సర్పంచి హోదాలో సంతకం చేసింది. ఆమె తన ఇష్టంతో చేసిన మొదటి సంతకం అదే.

సొట్టలు చూసి చిందులు తొక్కుతూ వచ్చిన రిసాల్‌సింగ్ కాగితం చూడగానే చల్లబడ్డాడు. కళ్లజోడు పెట్టుకుని మళ్లీ చదివాడు. మీసం దువ్వుకున్నాడు. "మనవడు," అన్నాడు.

ట్రంకుపెట్టె తాళం తీశారు. మనవడికి విజయేంద్రసింగ్ అని పేరు పెట్టారు. కాలువ పక్క పొలం అతని పేర రాశారు. హెడ్మాస్టరు అతనికి బడిలో సీటు అట్టేపెట్టాడు. ఇక మిగిలింది మగపిల్లవాడు పుడితే చేసే నూతిపూజ. నుయ్యి ఎండిపోయి చాలాకాలమైనందున కుళాయికి పూజ చేశారు. నీలం దుప్పటి పరిచిన ఖాళీ ఉయ్యాలలో జనం కానుకలు వేస్తూ, ముమ్మూర్తులా తాతపోలికేనని మెచ్చుకున్నారు. కథూరియా సాహెబైతే, ఇంత నెమ్మదైన పిల్లవాణ్ణి తన సర్వీసులో చూడలేదన్నాడు.

"తమ్ముడేడీ?" అని అడిగింది ధాపో ఒక్కతే. దాని నోట్లో లడ్డూ కుక్కి అవతలికి పంపారు.

ఆ విందుకు నేనూ వెళ్లాను. మీరూ వచ్చారు, నా పక్కనే కూర్చుని నెయ్యి బాగా పడిందన్నారు. పిల్లవాణ్ణి చూపించమని మనం అడగలేదు, మర్యాద కాదు కదా. పక్క మంచం మీద ఝంకారి గుక్కపెట్టి ఏడుస్తూనే ఉందట. ఆ సంగతి తర్వాతెప్పుడో భతేరీ చెప్పింది. మనకైతే ఏమీ వినిపించలేదు.